తపస్సుకాలం రిట్రీట్: శనివారం కన్ఫెషన్‌కి పూర్తి మార్కులు, ఆదివారానికి సగమే

ఈస్టర్‌కి ముందు వచ్చే తపస్సుకాలంలో మంచి రిట్రీట్ (రెండు మూడు రోజుల ధ్యానం) ఏదైనా ఉంటే చెప్పమని మా విచారణలో, అంటే మా కతోలిక గుడి పరిధిలో, చాలామంది అడుగుతుంటారు, అందుకే ఈసారి వెళ్ళొచ్చాక కూర్చుని వివరంగా రాస్తున్నాను. కోస్తాలో ఒక మేత్రాసనం (బిషప్ గారి పరిధి) నడిపే ధ్యాన కేంద్రం అది. శుక్రవారం సాయంత్రం మొదలై ఆదివారం మధ్యాహ్నం భోజనంతో అయిపోతుంది, అంతా తెలుగులోనే. కొన్ని లోపాలు కూడా రాయాల్సి ఉంది కాబట్టి కేంద్రం పేరు గానీ ఫాదర్ల పేర్లు గానీ పెట్టడం లేదు. పేరు లేకపోతే ఈ సమీక్ష ఎవరికి ఉపయోగం అనుకోవద్దు, మీ ఊరికి దగ్గర్లో ఏ రిట్రీట్‌కి పేరు ఇచ్చినా ముందుగా ఏమేం అడిగి తెలుసుకోవాలో ఇందులో దొరుకుతుంది.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. పాపసంకీర్తనాన్ని, అంటే ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునే కన్ఫెషన్‌ని, ఇంత తీరిగ్గా, ఇంత మర్యాదగా, వచ్చిన మనిషి మీద ఇంత ప్రేమతో జరిపిన చోటు ఈ మధ్యకాలంలో నేను చూడలేదు. ఆ ఒక్కదాని కోసమైనా వెళ్ళొచ్చు. దేవుని పిలుపు గురించి ఆదివారం చెప్పాల్సింది మాత్రం హడావుడిగా చుట్టేశారు, అది నన్ను నిజంగా బాధపెట్టింది.

ముందు సౌకర్యాల సంగతి. మనిషికి పన్నెండు వందలు, భోజనం వసతి కలిపి. కట్టలేనివాళ్ళు ఎంత ఇవ్వగలిగితే అంత ఇవ్వొచ్చు, ఆఫీసులో సిస్టర్ గారికి చెవిలో చెబితే చాలు, రసీదులో తేడా ఏమీ కనిపించకుండా రాస్తారు. ఈ పద్ధతి నాకు బాగా నచ్చింది. గదికి ఇద్దరు, బాత్రూములు వరండా చివర, తెల్లవారుజామున బకెట్టు వేడినీళ్ళు ఇస్తారు. దుప్పటి, దోమల బత్తి మీరే తెచ్చుకోండి. శుక్రవారం రాత్రి చపాతీ, కూర, మజ్జిగ. శనివారం పొద్దున ఉప్మా, పల్లీ చట్నీ, మధ్యాహ్నం సాంబారు అన్నం, ఒక వేపుడు. ఆదివారం కోడికూర పెట్టారు. రుచి మామూలే కానీ వేడివేడిగా, కడుపునిండా. భోజనాల దగ్గర మాట్లాడకూడదు, ఒక సిస్టర్ గారు సువార్తలోంచి కొంచెం కొంచెం చదువుతుంటే అందరూ వింటూ తింటారు. ఫోన్లు శుక్రవారం రాత్రే కవరు మీద పేరు రాయించుకుని తీసేసుకుంటారు. ఇంట్లో పెద్దవాళ్ళో చంటిపిల్లలో ఉన్నవాళ్ళకి టెన్షన్ ఉంటుంది కాబట్టి ఆఫీసు నంబరు ముందే ఇస్తారు, అత్యవసరమైతే వచ్చి పిలుస్తారు. నాతో గదిలో ఉన్న ఆవిడ మొదటి రాత్రి సరిగ్గా నిద్రపోలేదు, శనివారం మధ్యాహ్నానికి ఫోను ఊసే ఎత్తలేదు.

ఇక అసలు విషయం. మన దగ్గర ఈ రోజుల్లో రిట్రీట్ అనగానే పెద్ద షెడ్డు, స్పీకర్లు, కీబోర్డు, చేతులెత్తి స్తుతులు, స్వస్థత సాక్ష్యాలు గుర్తొస్తాయి. వాటి మీద నాకు చిన్నచూపు ఏమీ లేదు. కేరళలో చాలకుడి దగ్గర మురింగూరు డివైన్ రిట్రీట్ సెంటర్‌కి మనవాళ్ళు రైలెక్కి వెళ్తూనే ఉంటారు, అక్కడికి వెళ్ళొచ్చి తాగుడు మానేసినవాళ్ళు మా బంధువుల్లో ఉన్నారు, ఆ ఇంటి ఆడవాళ్ళ మొహం చూస్తే ఇంకెవరూ ఏమీ అనక్కర్లేదు. అయితే శబ్దంలో కొందరికి మనసు విప్పడం కుదరదు. అలాంటివాళ్ళకి ఇది సరిపోతుంది. మైకు ఒక్క గుడిలోనే. పాటలు హార్మోనియం మీద, పాత పాటలు. మన విచారణల్లో అమ్మమ్మలు పుస్తకం చూడకుండా పాడేవే.

రిట్రీట్ మొత్తానికి ఒకే ఒక్క వాక్యభాగం తీసుకున్నారు: మత్తయి సువార్త 9వ అధ్యాయం, 9 నుంచి 13 వరకు. సుంకపు మెట్టు దగ్గర కూర్చున్న మత్తయిని యేసు చూడటం, నన్ను అనుసరింపుము అనడం, అతను లేచి వెళ్ళడం, తర్వాత ఇంట్లో సుంకరులూ పాపులతో కలిసి భోజనం, అది చూసి ధర్మశాస్త్రం కఠినంగా పాటించే పరిసయ్యులు సణగడం. ఐదు వచనాలు, అంతే. మూడు రోజులకి ఇవేం సరిపోతాయి అని నాకు మొదట అనిపించింది. ప్రసంగం చేసిన ఫాదర్ గారు పెద్దాయన, కుర్చీలో కూర్చునే మాట్లాడతారు, అరగంట దాటనివ్వరు. తర్వాత గంటసేపు మౌనం, చెట్ల కింద కూర్చోవచ్చు, గుడిలో ఉండొచ్చు. ఒక్కో వచనం దగ్గర ఆయన ఆగిన తీరు చూశాక ఐదు వచనాలు ఎక్కువే అనిపించింది.

ఇదంతా జరిగిన కఫర్నాము గురించి ఆయన చెప్పింది నాకు చాలా ఉపయోగపడింది. గలిలయ సరస్సు ఒడ్డున ఊరు, సరుకులు దారిన పోయే చోటు. గలిలయలో అప్పటి పాలకుడు హేరోదు అంతిప, అతనికి పైన రోము. సుంకం వసూలు హక్కుని డబ్బు కట్టి తీసుకునేవాళ్ళు, కట్టిన దానికంటే ఎక్కువ రాబట్టుకునేవాళ్ళు. అందుకే సొంత జనమే వాళ్ళని దొంగలతో, వ్యభిచారులతో కలిపి లెక్కేసేది. ఇంతవరకూ చెప్పి ఆయన అన్నారు: "మత్తయి మంచివాడైపోయాక యేసు పిలవలేదమ్మా. డబ్బు లెక్కపెడుతున్న చోటే పిలిచాడు. పుస్తకం మూసి, సరిచేసుకుని, రేపు రా అనలేదు." మా వరుసలో ఒకాయన, చిట్టీలు నడిపే మనిషి అని తర్వాత తెలిసింది, తల దించుకుని చాలాసేపు అలాగే ఉండిపోయారు.

శనివారం పొద్దున ఒక కాగితం ఇచ్చారు. ఆత్మపరిశోధన కోసం. నా వరకు ఈ రిట్రీట్‌లో అన్నింటికంటే విలువైన వస్తువు ఆ కాగితమే, అందుకే దాని గురించి కాస్త ఎక్కువ రాస్తాను. మనకి చిన్నప్పుడు ఉపదేశి గారు నేర్పింది పది ఆజ్ఞలు, శ్రీసభ (కతోలిక సంఘం) కట్టడలు, ఒక్కోటి చదివి తప్పానా లేదా చూసుకోవడం. అది మంచిదే, ఇప్పటికీ నేను అలాగే మొదలుపెడతాను. కానీ ఏళ్ళ తరబడి అలా చేస్తే ఒక జాబితా బట్టీ వచ్చేస్తుంది: కోప్పడ్డాను, అబద్ధం ఆడాను, ఆదివారం పూజ మానాను. నలభై ఏళ్ళ మనిషి పన్నెండేళ్ళప్పటి కన్ఫెషనే మళ్ళీ చెబుతుంటాడు. ఈ కాగితంలో ప్రశ్నలు బతుకుతెరువు ప్రకారం ఉన్నాయి. అప్పు ఇచ్చేవాళ్ళకి: ఎంత వడ్డీ తీసుకుంటున్నావు, కట్టలేనివాళ్ళని వీధిలో ఏమని పిలిచావు? ఉద్యోగస్తులకి: ఎవరి ఫైలు ఎందుకు ఆపావు? ఇంట్లో పనిమనిషి ఉన్నవాళ్ళకి: జ్వరమొచ్చి రానిరోజు జీతం కోసేశావా? అత్తలకి, కోడళ్ళకి, ఆస్తి పంచుకున్న అన్నదమ్ములకి, రైతుకి, కూలీకి, నర్సుకి, డ్రైవరుకి, ఫోనులో ఏం చూస్తున్నాడో ఎవరికీ తెలియదనుకునే కుర్రవాడికి విడివిడిగా రెండు మూడు ప్రశ్నలు.

కులం మీద కూడా ఒక ప్రశ్న ఉంది. గుడిలో, పండుగ కమిటీలో, సమాధుల తోటలో, పెళ్ళి సంబంధం దగ్గర పక్కవాడి కులం చూశావా అని. మన శ్రీసభలో ఈ మాట పైకి అనేవాళ్ళు తక్కువ. 2022లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి (ఆర్చిబిషప్) పూల అంతోని గారు కార్డినల్ అయినప్పుడు, దళితుల నుంచి మొదటి కార్డినల్, తెలుగువారిలోనూ మొదటి కార్డినల్ అని ఊరూరా ఫ్లెక్సీలు కట్టారు, సంతోషమే. ఆ ఫ్లెక్సీ కట్టిన ఊళ్ళోనే గుడిలో ఎవరు ఏ వైపు కూర్చుంటారో అందరికీ తెలుసు. ఇది పాపమే, కన్ఫెషన్‌లో చెప్పాల్సిన పాపమే అని ప్రసంగంలో ఫాదర్ గారు సూటిగా అన్నారు. హాలంతా నిశ్శబ్దం. ఆ ఒక్క మాటకి ఆయనకి చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

ఇప్పుడు పాపసంకీర్తనం. శనివారం మధ్యాహ్నం రెండున్నరకి మొదలై రాత్రి భోజనాల తర్వాత కూడా సాగింది. నలుగురు ఫాదర్లు, అందరూ బయటి మేత్రాసనాల నుంచి వచ్చినవాళ్ళే. ఇది కావాలని చేసిన ఏర్పాటు, ఎంత మేలో విచారణ జీవితం తెలిసినవాళ్ళకి అర్థమవుతుంది. రేపు ఇంటికి భోజనానికి వచ్చే ఫాదర్ గారికి, మన పిల్లల స్కూలు కరస్పాండెంటుగా ఉన్న ఫాదర్ గారికి కొన్ని పాపాలు చెప్పడానికి మనవాళ్ళకి నోరు రాదు. ఆయన ఎవరికీ చెప్పరని తెలుసు. కన్ఫెషన్ రహస్యాన్ని ప్రాణం మీదికి వచ్చినా బయట పెట్టకూడదు, నేరుగా బయట పెట్టిన గురువుకి (ఫాదర్‌కి) శ్రీసభ చట్టం ప్రకారం ఆ క్షణంలోనే వెలి. తెలిసినా సిగ్గు సిగ్గే కదా. అందుకని తెర వెనక చెప్పుకునే చోట్లు రెండు, ఎదురుగా కూర్చుని చెప్పుకునే చోట్లు రెండు పెట్టారు. ఎవరికి ఏది వీలైతే అది.

మన విచారణల్లో మామూలుగా ఏం జరుగుతుందో కూడా చెప్పుకోవాలి. క్రిస్మస్‌కి ముందు, పాస్కాకి (ఈస్టర్‌కి) ముందు వారం, ఒక్క ఫాదర్ గారు, ఆయన కింద పదో పదిహేనో ఉపగ్రామాలు, సాయంత్రం పూజ టైం అయిపోతోంది, లైనులో వంద మంది. మనిషికి ఒకటిన్నర నిమిషం. మూడు మంగళవార్త జపాలు ప్రాయశ్చిత్తం, తర్వాతివాళ్ళు రండి. ఇందులో ఫాదర్ల తప్పు ఏమీ లేదు, ఆ వారం వాళ్ళు పడే శ్రమ నేను దగ్గర్నుంచి చూశాను. ఏడాదికి ఒక్కసారైనా చావైన పాపాలు, అంటే ఆత్మని చంపే పెద్ద పాపాలు, కన్ఫెషన్‌లో చెప్పుకోవాలన్న నియమం 1215 నుంచి ఉంది. మనవాళ్ళు ఆ ఒక్కసారినే ఆఖరి వారానికి వాయిదా వేస్తారు, ఆ ఒకటిన్నర నిమిషమే వాళ్ళకి కన్ఫెషన్ అంటే.

ఇక్కడ ఎవరూ గడియారం చూడలేదు. నా ముందున్న పెద్దావిడ లోపలికి వెళ్ళి నలభై నిమిషాల వరకు రాలేదు, బయట ఎవరూ విసుక్కోలేదు, ఎందుకంటే అప్పటికే అందరికీ తెలిసిపోయింది, మన వంతు వచ్చినప్పుడు మనకీ అంతే తీరిక ఇస్తారని. నేను లోపల ఏం చెప్పానో ఇక్కడ రాయను, అది దేవుడికీ నాకూ మధ్య విషయం. ఫాదర్ గారి తీరు గురించి మాత్రం రాస్తాను. మధ్యలో ఆపలేదు. వివరాలు తవ్వలేదు. ఎప్పటి నుంచి, ఎన్నిసార్లు అని అవసరమైన చోట ఒక్కసారి అడిగారు, అంతే. ఆఖర్న ఒక ప్రశ్న వేశారు, దీన్నంతా దేవుడు ఇప్పుడు క్షమిస్తున్నాడని నువ్వు నమ్ముతున్నావా అని, నేను జవాబు చెప్పేదాకా ఆగారు. ప్రాయశ్చిత్తం కూడా నా బతుకుకి సరిపడేది ఇచ్చారు, ఒక మనిషికి ఫోను చేసి మాట్లాడటం. మూడు జపాలు చెప్పి వచ్చేయడం కంటే అది చాలా కష్టం. తర్వాత చెయ్యి ఎత్తి పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున అంటూ పాపవిమోచనం పలికారు, ఒక్కో మాటా తాపీగా, పూర్తిగా వినిపించేలా. ఆ మాటలు అలా వినడం కోసం మనిషి ఎంత దూరమైనా ప్రయాణం చేయొచ్చు.

కన్ఫెషన్‌కి ముందు ప్రసంగంలో ఇద్దరు పునీతుల (సెయింట్ల) గురించి చెప్పారు. ఫ్రాన్సులో ఆర్స్ అనే పల్లెకి 1818లో విచారణ గురువుగా వెళ్ళిన పునీత జాన్ మరియ వియాన్ని, ఆఖరి ఏళ్ళలో రోజుకి పదహారు గంటల వరకు కన్ఫెషన్ పెట్టెలో కూర్చునేవారు, అదే పనిలో అరిగిపోయి 1859లో చనిపోయారు. ఆయన గురించి మనం వింటూనే ఉంటాం. రెండో ఆయన ఇటలీలో పాదువా పట్టణంలోని కపుచిన్ సభ గురువు, పునీత లెయోపోల్డ్ మండిచ్. నాలుగున్నర అడుగులు కూడా లేని మనిషి, నత్తి, అనారోగ్యం, ప్రసంగాలకి పనికిరారు. దశాబ్దాల తరబడి ఒక చిన్న గదిలో కూర్చుని పాపసంకీర్తనాలు వింటూనే ఉన్నారు. మరీ సులువుగా క్షమించేస్తున్నారని తోటివాళ్ళే విమర్శిస్తే, ఆయన సిలువ మీది యేసు వైపు చూపించి, మనకి ఆ ఉదాహరణ ఇచ్చింది ఆయనే కదా అనేవారట. 1942లో చనిపోయారు. రెండేళ్ళకి బాంబులు పడి ఆ గుడి, మఠం చాలావరకు కూలిపోతే, ఆయన కన్ఫెషన్ గది మాత్రం నిలబడింది. 1983లో పునీతుడిగా ప్రకటించారు. ఈ కథ చెప్పి ఫాదర్ గారు, ఇవాళ మీ కోసం వచ్చిన నలుగురిలో ఎవరైనా కఠినంగా మాట్లాడితే నా దగ్గరికి రండి, నేను మళ్ళీ వింటాను అన్నారు. ఎప్పుడో ఏ ఫాదర్ గారో ఒక మాట అన్నారని ఇరవై ఏళ్ళు కన్ఫెషన్‌కి దూరమైపోయినవాళ్ళు మనలో ఎంతమంది! ఆ మాట వాళ్ళ కోసమే అన్నారు.

కరుణ గురించి ఇంత మెత్తగా చెప్పారు కదా, పాపాన్ని తేలిక చేశారేమో అని ఎవరికైనా అనుమానం వస్తే, లేదు. పరాయి సొమ్ము తిన్నవాడు పశ్చాత్తాపపడితే దేవుడు క్షమిస్తాడు, కానీ ఆ సొమ్ము తిరిగి ఇచ్చే బాధ్యత అలాగే ఉంటుంది అని స్పష్టంగా చెప్పారు. లూకా సువార్త 19లో జక్కయ్య అనే సుంకరి ఎవరినైనా మోసగించి ఉంటే నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. యేసు ముందు ఆ ఇంటికి వెళ్ళాడు, తర్వాత జక్కయ్య ఆ మాట అన్నాడు, ఈ వరుస గమనించండి అన్నారు. క్షమాపణ కొనుక్కోవడానికి తిరిగి ఇవ్వడం వేరు, క్షమించాడు కాబట్టి ఇక ఆ డబ్బు చేతిలో ఉంచుకోలేకపోవడం వేరు. అన్నదమ్ముల పొలం గట్టు దగ్గర్నుంచి అమ్మ బంగారం దాకా మన ఇళ్ళలో ఉన్న తగాదాలన్నీ ఇందులోకి వచ్చేస్తాయి.

గుడిలో పెళ్ళి కాకుండా రిజిస్టర్ పెళ్ళి చేసుకుని, దివ్యసత్ప్రసాదానికి (పూజలో ఇచ్చే అప్పానికి) దూరంగా ఉంటున్న ఒక జంట కూడా వచ్చారు. వాళ్ళని అందరి ముందు ఎవరూ ఏమీ అడగలేదు. ఒక ఫాదర్ గారు విడిగా పిలిచి గంటసేపు మాట్లాడారు, శ్రీసభలో ఆ పెళ్ళిని సరిచేసుకునే దారి ఉందని, ఏ కాగితాలు కావాలో, ఎవరిని కలవాలో రాసి ఇచ్చారు. వాళ్ళే సంతోషంగా అందరికీ చెప్పుకున్నారు కాబట్టి రాస్తున్నాను. అందరి సమస్యా అంత తేలిగ్గా తేలదు, విడాకులు, రెండో పెళ్ళి లాంటివి ఉంటే మేత్రాసన వివాహ న్యాయస్థానం దాకా వెళ్ళాల్సి రావచ్చు, సమయం పడుతుంది. కానీ మొదటి అడుగు వేయించేవాళ్ళు ఇక్కడ ఉన్నారు.

శనివారం విషయంలో ఒక్కటే పెద్ద ఫిర్యాదు. కన్ఫెషన్ చోట్లలో ఒకటి లైనుకి మరీ దగ్గరగా ఉంది. చెవుడున్న ఒక తాతగారు గట్టిగా చెబుతుంటే ముందున్న నలుగురికి మాటలు వినిపించాయి. మేమే వెనక్కి జరిగి నిలబడ్డాం. ఇది చిన్న విషయంలా తీసుకోకూడదు. కుర్చీలు ఇంకో పదిహేను అడుగులు దూరం జరపడం, గుడిలో మెల్లగా ఏదైనా పాట పెట్టడం, పెద్దవాళ్ళకి తలుపున్న గది ఇవ్వడం, వీటికి ఖర్చేమీ లేదు. ఇంకొకటి, తెర ఉన్న చోట్లు రెండూ మెట్ల పైన ఉన్నాయి, మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఎక్కలేకపోయారు, వాళ్ళకి ఇష్టం ఉన్నా లేకపోయినా ఎదురుగా కూర్చోవాల్సి వచ్చింది.

శనివారం రాత్రి దివ్యసత్ప్రసాద ఆరాధన, కొవ్వొత్తుల వెలుగులో, పదకొండు దాకా. ఎవరికి ఇష్టమైనంతసేపు వాళ్ళు ఉండొచ్చు. దాని గురించి ఎక్కువ రాయలేను, చాలా బాగుంది.

ఇప్పుడు ఆదివారం. పొద్దున జపమాల, తర్వాత టిఫిను, తర్వాత "దేవుని పిలుపు" మీద ప్రసంగం, తర్వాత దివ్యపూజ, భోజనం, బస్సులు. ప్రసంగానికి పెద్ద ఫాదర్ గారు కాకుండా వేరే ఒక యువ ఫాదర్ గారు, మేత్రాసనంలో దైవ పిలుపుల బాధ్యత చూసేవారు, వచ్చారు. మనిషి ఉత్సాహవంతుడు, బాగా మాట్లాడతారు. కానీ ఉన్న నలభై నిమిషాల్లో ముప్పై నిమిషాలు గురువిద్యాలయం (ఫాదర్లు కావడానికి చదివే సెమినరీ), మఠాలు, ఎప్పుడు చేరాలి, ఎంత చదివి ఉండాలి, వీటికే సరిపోయింది. ఫారాలు పంచారు. మా అబ్బాయినో అమ్మాయినో పంపమని అడగడం న్యాయమే, గురువులు లేకపోతే శనివారం అంత సేపు కన్ఫెషన్ వినేవాళ్ళు ఎక్కడి నుంచి వస్తారు? గురువుల కొరత నా కళ్ళతో చూస్తున్నాను, ఆ పిలుపు గురించి ఎంత చెప్పినా తక్కువే. అయితే హాల్లో ఉన్నవాళ్ళలో ఎక్కువమంది పెళ్ళిళ్ళయి పిల్లలున్నవాళ్ళు. ముందురోజు రాత్రి గుండె ఖాళీ చేసుకుని వచ్చి, ప్రభూ ఇప్పుడు నేను ఏం చెయ్యాలి అని కూర్చున్నవాళ్ళు. ఒక విధవరాలు, అరవై దాటి ఉంటాయి, లేచి అడిగారు: "ఫాదర్ గారూ, ఈ వయసులో నాకేం పిలుపు ఉంటుందండీ?" ఆయన నవ్వి, ప్రార్థన చేయండమ్మా, అది కూడా పిలుపే అన్నారు. అన్నది తప్పు కాదు. కానీ ఆవిడకి కావాల్సిన జవాబు అంత చిన్నది కాదు, పాపం అలాగే కూర్చుండిపోయారు.

నా బాధ ఇక్కడే. శనివారం కరుణ, ఆదివారం పిలుపు అని రెండు గదుల్లో పెట్టేశారు. తీసుకున్న వాక్యంలో అవి రెండూ ఒకే చూపులో జరిగాయి. 8వ శతాబ్దంలో బీడ్ అనే పునీతుడు, ఇంగ్లండులో ఒక మఠవాసి, ఈ వాక్యభాగం మీదే చేసిన ప్రసంగంలో ఇదే చెబుతాడు, యేసు ఆ సుంకరిని కరుణతో చూశాడు, చూస్తూనే ఎన్నుకున్నాడు అని. ఫ్రాన్సిస్ పోపుగారు 1992లో మేత్రాణులు (బిషప్) అయినప్పుడు తన ధ్యేయవాక్యాన్ని ఆ ప్రసంగంలోంచే తీసుకున్నారు, 2013లో పోపుగారు అయ్యాక కూడా అదే ఉంచుకున్నారు. దానికి కారణం ఆయన జీవితంలోనే ఉంది. 1953 సెప్టెంబరు 21, పునీత మత్తయి పండుగ రోజు, బ్వేనోస్ ఐరిస్‌లో పదహారేళ్ళ కుర్రవాడిగా స్నేహితులతో గడపడానికి బయల్దేరి, దారిలో తమ విచారణ గుడిలోకి వెళ్ళి, అంతకుముందు పరిచయం లేని ఒక ఫాదర్ గారి దగ్గర పాపసంకీర్తనం చేశారు. లేచి వచ్చేసరికి గురువు కావాలని తెలిసిపోయింది. కన్ఫెషన్ వేరే, పిలుపు వేరే కాలేదు ఆయనకి. 2025 ఏప్రిల్‌లో ఆయన చనిపోయేదాకా పాపుల మీద దేవుని కరుణ గురించే మాట్లాడుతూ వచ్చారు, 2015 డిసెంబరు నుంచి 2016 నవంబరు వరకు శ్రీసభ మొత్తానికి కరుణ సంవత్సరం ప్రకటించారు. ఈ కథ ఆదివారం ప్రసంగంలో ఒక్క వాక్యంలో వచ్చి వెళ్ళిపోయింది. శనివారం కన్ఫెషన్ ముందు చెప్పి ఉంటే, మేమందరం లోపలికి ఇంకో ప్రశ్నతో వెళ్ళేవాళ్ళం.

మత్తయి లేచి వెళ్ళాక ఏం చేశాడు? ఇంట్లో విందు పెట్టాడు, లూకా సువార్తలో లేవి (మత్తయికే ఇంకో పేరు) గొప్ప విందు చేశాడని ఉంది. ఎవరిని పిలిచాడు? తన పాత స్నేహితులనే, తోటి సుంకరులనే. దూరదేశం వెళ్ళడం తర్వాత. ముందు తన వంటింట్లో, తన వాళ్ళ మధ్య, యేసుని కూర్చోబెట్టాడు. అరవై దాటిన ఆవిడకి చెప్పాల్సింది ఇదే కదా! ఆవిడ వీధిలో ఎవరెవరు గుడికి దూరమయ్యారో, ఏ ఇంట్లో తాగుబోతు కొడుకు ఉన్నాడో, ఎవరికి కన్ఫెషన్ అంటే భయమో ఫాదర్ గారి కంటే ఆవిడకే ఎక్కువ తెలుసు. రెండో వాటికన్ మహాసభ (ప్రపంచ మేత్రాణుల సభ) 1964లోనే చెప్పింది, పరిశుద్ధతకి పిలుపు గురువులకీ మఠకన్యలకే కాదు, జ్ఞానస్నానం పొందిన ప్రతివాళ్ళకీ అని. అరవై ఏళ్ళ కిందటి మాట మన రిట్రీట్లలో ఇంకా ఐదు నిమిషాల మాటగానే ఉండిపోయింది.

వచ్చేముందు నిర్వాహకులకి ఇవన్నీ చెప్పాను. సిస్టర్ గారు కోపం తెచ్చుకోకుండా రాసుకున్నారు. నేను అడిగినవి ఇవి: ఆదివారం ప్రసంగం కూడా పెద్ద ఫాదర్ గారే చెప్పాలి, గురువిద్యాలయం గురించి యువతకి విడిగా ఇంకో గదిలో చెప్పొచ్చు. ఒక్కొక్కరూ పది నిమిషాలు ఏదో ఒక ఫాదర్ గారితో కూర్చుని, ఇంటికి వెళ్ళాక మొదట చేయబోయే ఒక్క పని మాట్లాడుకునే వీలు ఉండాలి. బస్సు రెండింటికి కాకుండా నాలుగింటికి పెడితే అది కుదురుతుంది. నెల తర్వాత ఒక సాయంత్రం మళ్ళీ కలవడానికి విచారణల వారీగా పేర్లు ఇస్తే ఇంకా మంచిది. పిలుపు గురించి అడిగిన ఆ పెద్దావిడతో బస్సు దాకా మాట్లాడుతూ నడిచాను. వాళ్ళ ఊళ్ళో మరియ సేనాదళం అనే ప్రార్థన సంఘం ఆగిపోయిందట, మళ్ళీ మొదలుపెట్టాలని ఉందట, ఎవరిని అడగాలో తెలియదన్నారు. ఒక్క అరగంట ఎవరైనా కూర్చుని ఉంటే అక్కడే తేలిపోయేది.

ఎవరు వెళ్ళాలి అంటే, ఏళ్ళ తరబడి కన్ఫెషన్‌కి వెళ్ళనివాళ్ళు తప్పకుండా వెళ్ళండి. ఎలా మొదలుపెట్టాలో, మనస్తాప జపం మాటలు ఏమిటో మర్చిపోయామని సిగ్గుపడొద్దు, కాగితం వెనక అన్నీ అచ్చు వేసి ఉన్నాయి, ఫాదర్లే చెప్పిస్తారు. పెళ్ళి, ఆస్తి, అప్పుల గొడవల్లో నలిగిపోతున్నవాళ్ళకి మంచిది. పిల్లల్ని తీసుకెళ్ళొద్దు, వాళ్ళకి ఇక్కడ ఏమీ లేదు. పాటలు, సాక్ష్యాలు కావాలనుకునేవాళ్ళకి విసుగొస్తుంది. నడవలేనివాళ్ళు పేరు ఇచ్చేటప్పుడే చెబితే కింది గది ఇస్తారు. ఏ రిట్రీట్‌కైనా పేరు ఇచ్చే ముందు మూడు విషయాలు అడగండి: కన్ఫెషన్‌కి ఎంతమంది ఫాదర్లు వస్తారు, ఎన్ని గంటలు కేటాయించారు, బయటి విచారణల వాళ్ళేనా. ఈ మూడింటికీ సరైన జవాబు వస్తే గదులు, భోజనం ఎలా ఉన్నా సర్దుకోవచ్చు.

తపస్సుకాలం అయిపోయాక కూడా వీళ్ళు రెండు మూడు నెలలకోసారి పెడుతుంటారట, పాస్కా తర్వాతి ఆదివారం, అంటే దైవ కరుణ ఆదివారానికి, ఒక్కరోజు ధ్యానం కూడా ఉందని ఆఫీసులో చెప్పారు. భోజనంతో కలిపి రెండు వందలు, కన్ఫెషన్ పొద్దున తొమ్మిది నుంచి. మా విచారణ నుంచి ఒక వ్యాన్ మాట్లాడుతున్నాం, ఆ పెద్దావిడ ఊరు దారిలోనే ఉంది, ఆవిడకీ ఇంకో ముగ్గురికీ సీట్లు ఉంచమని డ్రైవరుకి చెప్పేశాను.